రెండుంపావు గంటల దుబాయి

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. హైదరాబాదు నుంచి దుబాయికి విమానంలో రెండుంపావు గంటలు కాదు, మూడు ముప్పావు గంటలు పడుతుంది. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ విమానం ఎక్కకముందే నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, ఆమె అడిగినప్పుడు "ఊ" అన్నాను. ఒక్క అక్షరం. ఆ రోజు డైరీలో "అవ్వ ఒప్పుకుంది" అని మాత్రమే రాసుకున్నాను. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అంతకంటే రాయలేకపోయాను.

అవ్వ పుట్టింది ఆదిలాబాద్‌లో. పెళ్లయి కరీంనగర్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తల్లిగారింటికి పోతుంది. ఆమె చేసిన దూరప్రయాణం అదొక్కటే కాబట్టి ఏ దూరాన్నైనా దానితోనే కొలుస్తుంది. జగిత్యాల, మెట్‌పల్లి, ఖానాపూర్, నిర్మల్, ఆదిలాబాద్. ఖానాపూర్ దాకా మూడు గంటలు. అందాక ఆమె అందరిలాగే ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటుంది, ముందు సీటులో ఎవరున్నా వాళ్ల ఊరూ పిల్లల చదువులూ కనుక్కుంటుంది. ఖానాపూర్ దాటగానే మాట ఆగిపోతుంది. కొంగు ముడిలోంచి నిమ్మకాయ బయటికి వస్తుంది. నిర్మల్ దాటి ఘాట్ మొదలయ్యేసరికి లేచి నిలబడి "జర ఆపుండ్రి అన్నా" అంటుంది. ఇన్నేళ్లలో ఏ డ్రైవరూ కాదనలేదు. దిగి, వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని, రోడ్డు పక్కన పది అడుగులు నడిచి మళ్లీ ఎక్కుతుంది. లోపల కూర్చున్న వాళ్లు ఒక్కసారి కూడా విసుక్కోలేదని చెప్పను. కాని బస్సు మాత్రం ప్రతిసారీ ఆగింది. పేర్లు కూడా తెలియని ఆ డ్రైవర్లందరినీ నేను ఇప్పుడు తలచుకుంటూ ఉంటాను.

"ఖానాపూర్ దాటితే నేను మనిషిని గాదు బిడ్డా" అంటుంది అవ్వ. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన మాట.

మా అక్క దుబాయిలో నర్సు. బావ అక్కడే ఒక గోదాములో పని చేస్తాడు. అక్కకు నెల తప్పిందని తెలియగానే అవ్వ చేసిన మొదటి పని పాత నూలు చీరలు వెతికి ఉతకడం. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి, ఏడో నెలలో బిడ్డ ఇంటికి రావాలి. ఇందులో అనుకోవడానికి, ఆలోచించడానికి ఏమీ లేదు. అక్క కూడా అదే అనుకుంది. కాని ఆరో నెల చివర్లో ఆమెకు బీపీ ఎక్కువైంది. విమానం ఎక్కవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు.

"వార్డుల ఇంత మంది బాలింతలను చూసుకునేదాన్ని" అంది అక్క ఫోనులో. "నా దాకా వచ్చేసరికి బీపీ మిషను చూడాలంటేనే భయమైతున్నది. నువ్వు రా అవ్వా."

బావకు తల్లి లేదు. నేను పోదామంటే నాకు పసిపిల్లను ఎత్తుకోవడం కూడా రాదు. నేను బడిలో ఒకటో తరగతికి చెబుతాను. ఆరేళ్ల లోపు వాళ్ల గురించి నాకేమీ తెలియదు. పోవలసింది అవ్వే. పాస్‌పోర్టు అక్క ఎప్పుడో చేయించింది. దేశం దాటడం గురించి, విమానం కూలడం గురించి అవ్వకు ఏ భయమూ లేదు. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆపుమంటే ఆపుతడా, విమానమోడు?"

"విమానం ఆగదు అవ్వా. సంచి ఇస్తరు."

"సంచి ఇస్తరని నాకు తెలుసు. కిందికి దిగి నాలుగడుగులు నడువకుంటే నాకు పాణం కుదురుకోదు. నడిమిట్ల ఏమన్నా అయితే మీ అక్కను నేను చూసుకునుడా, నన్ను అది చూసుకునుడా?"

పది రోజులు అలాగే గడిచాయి. ఆమె రానని అనలేదు, వస్తానని అనలేదు. అన్నం సరిగా తినలేదు. అక్క ఫోను చేసినప్పుడల్లా "మీకు ఎంతైందే టైము, తిన్నవా" అని మాట మార్చేది. మన కంటే దుబాయి గంటన్నర వెనుక ఉంటుందని ఆమెకు నాలుగేళ్లుగా తెలుసు. ఆ లెక్క చూసుకునే రోజూ ఫోను చేసేది.

పదకొండో రోజు బావ ఆశ చంపుకోలేక టికెట్లు తీసి నా ఫోనుకు పంపాడు. నేను జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించి తెచ్చాను. అవ్వ అద్దాలు పెట్టుకుని కాగితాన్ని గడప దగ్గర వెలుతురులో పట్టుకుంది. ఐదో తరగతి దాకా చదివింది. అంకెలు బాగా చదువుతుంది.

"నాలుగుంపావుకు లేస్తది. ఆరున్నరకు దిగుతది." వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది. "రెండుంపావు గంటలేనా?"

నేను ఆ ముందు రోజే ఫోనులో చూసి ఉన్నాను. రెండు నగరాల మధ్య దూరం ఎంత, విమానంలో ఎంతసేపు అని చెప్పే పేజీలు ఉంటాయి కదా, అందులో. మూడు ముప్పావు అని ఉంది. టికెట్టు మీద నాలుగుంపావు మన గడియారం, ఆరున్నర వాళ్ల గడియారం. ఫోనులో రోజూ రెండు గడియారాలు చూసుకునే అవ్వకు, ప్రింటు అయిన ఒకే కాగితం మీద రెండు గడియారాలు ఉంటాయని తట్టలేదు.

"ఖానాపూర్ రాకముందే దిగుతనన్నట్టు" అంది.

నా వైపు చూసింది.

"ఊ" అన్నాను.

నాకు మాట్లాడటం తక్కువని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ "ఊ"ను ఎవరూ అనుమానించరు. ఆ క్షణంలో నాకు కనిపించింది అక్క ఒక్కతే ఆసుపత్రి మంచం మీద ఉండటం. అంతకు మించి ముందుకు ఆలోచించలేదు. అవ్వ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని లేచింది. అటక మీది పెట్టె దింపమంది. పది రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం ఆమె కడుపు నిండా అన్నం తిన్నది.

మా నాన్నను బాపు అంటాం. ఆయన పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తాడు. ఒక్కడే ఎనిమిది సాంచాలు నడుపుతాడు, మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. ఆ సాయంత్రం వెంట్రుకల్లో దారాల పొట్టుతోనే అన్నానికి కూర్చున్నాడు. అవ్వ కాగితం చూపించింది. ఆయన పోయే టికెట్టు చూసి ఊరుకోలేదు, వచ్చే టికెట్టు కూడా తిప్పి చూశాడు.

"పోవుడు రెండుంపావు. వచ్చుడు పొద్దున తొమ్మిదిన్నరకు లేసి, రెండు ముప్పావుకు దిగుడు. అంటే ఐదుంపావు. ఒక్కటే తొవ్వ గద?"

"వచ్చేటప్పుడు ఎదురుగాలి గావచ్చు" అంది అవ్వ, పప్పు వడ్డిస్తూ. "వచ్చేటప్పుడు ఎన్ని గంటలైతే నాకేంది? అప్పటికి బిడ్డ కాన్పు అయిపోయి ఉంటది."

బాపు నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూశాను. ఆయన ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద తిని, మెల్లగా అన్నాడు:

"గంటలు జానేదేవ్. దూరమెంతనే?"

"తిన్నగా పోతే రెండు వేల ఐదు వందల యాభై కిలోమీటర్లు ఉంటది బాపు."

ఆయన చేయి ఆగింది. పెదాలు కదులుతున్నాయి. రోజుకు ఎనిమిది సాంచాల మీద మూడు వందల మీటర్ల బట్ట. పండుగలు, కరెంటు పోయిన రోజులు, ఆర్డరు లేక సాంచాలు బందైన రోజులు తీసేస్తే ఏడాదికి ఎనభై ఐదు కిలోమీటర్లు. ఆ లెక్కన అంత దూరానికి ఎన్నేళ్లు అని నన్ను అడిగాడు. నేను గోడ మీద వేలితో లెక్క వేసి "ముప్పై" అన్నాను.

"ముప్పై ఏండ్లు" అన్నాడు బాపు. "అవుతది. సరిగ్గ అవుతది. నేను నేసిందంతా ఒక్క తీరుగ పరుసుకుంట పోతే దుబాయి దాకా అందుతది. నువ్వు నా బట్ట మీద నడుసుకుంట పోయినట్టే, ఇంకేం భయం?"

"ఏం బట్టని నడుస్త? లంగాల బట్ట" అంది అవ్వ. "దుబాయోళ్లు చూసి నవ్వుతరు."

మేం ముగ్గురం నవ్వాం. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో వినిపించిన నవ్వు అది. నేను డైరీలో ఆ లెక్కను పెద్ద అంకెలతో రాసుకున్నాను. అంతవరకు ఆయన రోజూ షెడ్డుకు పోయి, అదే ఇంటికి తిరిగి వస్తాడని మాత్రమే అనుకునేదాన్ని. ఆయన అంత దూరం పోయాడని నాకు ఎప్పుడూ తట్టలేదు. నా చదువు, అక్క చదువు అన్నీ ఆ దారి మీదే జరిగాయి.

మర్నాడు బాపు షెడ్డు నుంచి ఒక మీటరు ముక్క తెచ్చాడు. పసిపిల్లకు చుట్టమన్నాడు.

"నీ పాలిస్టర్ల చుడితే పిల్ల ఉడికిపోతది" అంది అవ్వ. పసిబిడ్డకు కొత్త బట్ట వేయరు. ఏళ్ల తరబడి కట్టి ఉతికిన నూలు చీరను చింపి వాడతారు. ఆమె పెట్టెలో అప్పటికే అలాంటివి పన్నెండు ముక్కలు ఉన్నాయి. అయినా బాపు ముక్కను పారేయలేదు. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

నేను చేయగలిగింది నేను చేశాను. అట్టముక్కల మీద ఒకవైపు తెలుగులో, మరోవైపు ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలు రాసి ఇచ్చాను. అవ్వ కావలసినది చూపిస్తే చాలు. "నాకు కిటికీ పక్కన సీటు కావాలి." "నాకు వాంతి వచ్చేలా ఉంది." "కొంచెం నీళ్లు ఇవ్వండి." "మా అల్లుడు బయట నిలబడి ఉంటాడు." మొత్తం ఏడు రాశాను, ఆరు ఇచ్చాను. ఏడోది "ఇంకా ఎంతసేపు పడుతుంది?" దాన్ని చింపేశాను.

అక్కకు ఎనిమిది నెలలు నిండాక, ప్రయాణం రోజు పొద్దున్నే బయలుదేరి సిద్దిపేటలో చాయ్ తాగాం. హైదరాబాదు చేరేసరికి ఇంట్లోంచి బయలుదేరి మూడు గంటలు దాటింది, శంషాబాదు ఇంకా ఉంది. నేను భయంగా అవ్వ ముఖం చూశాను. "నడిమిట్ల దిగి చాయ్ తాగినం గద, లెక్క మళ్ల మొదటికెళ్లి" అంది.

విమానాశ్రయం ద్వారం దగ్గర పెద్ద లైను. నాకు కొత్తవాళ్లతో మాట కలపడం రాదు. బాపు అలా కాదు, ఎక్కడ నిలబడినా పక్కవాళ్లను పలకరిస్తాడు. ముందు ఒక నెరిసిన గడ్డం పెద్దాయన ట్రాలీ పట్టుకుని ఉన్నాడు. తాపీమేస్త్రీ అట, సెలవు అయిపోయి తిరిగి దుబాయి పోతున్నాడు.

"ఏ ఊరు భాయి?"

"ఖానాపూర్."

బాపు నా వైపు తిరిగి చూశాడు. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఆయన భుజం మీద చేయి వేసి రెండడుగులు పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పాడు. పెద్దాయన వింటూ తల ఊపాడు. తిరిగి వచ్చి అవ్వతో "ఫికర్ జెయ్యకు అమ్మా, నా వెంట రా. సీట్లు పక్కపక్కకు అడుగుదాం" అన్నాడు. అవ్వ కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. అద్దాల అవతల ఒకసారి తిరిగి చూసి, చేయి ఊపకుండా, వెళ్లిపొమ్మని సైగ చేసింది.

వచ్చే దారిలో కరీంనగర్ బస్సులో నేను గడియారం చూడకుండా ఉండలేకపోయాను. ఆరున్నర అయింది. అవ్వ చేతికి ఉన్న గడియారంలో కూడా ఆరున్నరే. విమానం ఇంకా ఆకాశంలోనే ఉంది. ఇప్పుడు ఆమె కిటికీలోంచి కిందికి చూస్తుంది. ఎందుకు దిగలేదని ఎవరిని అడుగుతుంది? నేను ఆ చీటీ ఎందుకు చింపాను? తిరిగి తీసుకోవడానికి వీల్లేని పని చేశానని ఆ బస్సులో తెలిసింది. గజ్వేల్ దగ్గర అనుకుంటాను, ఏడుంపావు అయింది. నిద్రపోతున్నాడనుకున్న బాపు కళ్లు తెరవకుండానే అన్నాడు.

"ఖానాపూర్ దాటింది."

ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు. ఆయన చేయి నా చేతి మీద పెట్టి అలాగే ఉంచాడు. బస్సు దిగేదాకా తీయలేదు.

సిద్దిపేట దాటాక అక్క నంబరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది అవ్వ.

"చేరిన. మీరు తిన్నరా?"

అంతే. ఫోను పెట్టేసింది.

మూడు వారాల తర్వాత అక్కకు ఆడపిల్ల పుట్టింది. బీపీ చివరి రోజు బాగా పెరిగిందని, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా అక్క అవ్వ చేయి విడవలేదని బావ చెప్పాడు. "అత్తమ్మ లేకుంటే ఏమైతుండెనో" అని అతను ఫోనులోనే ఏడ్చాడు. ఫొటోలో మా చిన్నది ఒక లేత పసుపు గుడ్డలో ఉంది. ఆ గుడ్డ నాకు తెలుసు. నేను జ్వరం వచ్చినప్పుడల్లా ముఖం దాచుకున్న చీర అది. నేను ఆ ఫొటోను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఎవరికి దండం పెట్టాలో తెలియక ఊరికే చేతులు జోడించాను.

మూడు నెలలు అవ్వ రోజూ ఫోను చేసింది. విమానం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆమె వచ్చాక తప్పు ఒప్పుకోవాలని నేను డైరీలో మాటలు రాసుకుంటూ, కొట్టేస్తూ పోయాను. ఎంత రాసినా నోటికి వచ్చేలా ఒక వాక్యం కుదరలేదు.

ఆమె వచ్చిన మర్నాడు పొద్దున, ఇద్దరం పెట్టె ముందు కూర్చున్నాం. ఖర్జూరాల పొట్లాలు, నాకొక పెన్ను, బాపుకు ఒక చేతిగడియారం తీసి చాప మీద పెట్టింది. చేతిసంచి అడుగు నుంచి బాపు ఇచ్చిన ముక్క వచ్చింది. నలిగిపోయి ఉంది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, నేను అడగకుండానే చెప్పింది.

"ఆరున్నరైనంక నాకు గాబరా వట్టింది. దిగలేదేందని గా ఖానాపూరాయనను అడిగిన. ఆయన నా గడియారం మీద చెయ్యి పెట్టి 'ఇది మన గడియారం అమ్మా, అక్కడిది గంటన్నర వెనక. ఇంక గంటకు పైనే ఉన్నది' అన్నడు. 'మరి నా బిడ్డ రెండుంపావు అన్నది గద' అన్న. ఏమన్నడో తెలుసునా? 'బిడ్డ నిన్ను ఎక్కియ్యనీకి చెప్పింది, నేను నిన్ను దింపనీకి చెప్తున్న. మీ ఇంటాయన లైన్లనే చెప్పిండు, ఆరున్నర దాకా నోరు తెరువద్దని' అన్నడు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చాప అంచు పోగులు లాగుతూ కూర్చున్నాను.

"కోపమొచ్చింది. ఒక్క పది నిమిషాలు మీ ఇద్దరిని మనసుల మస్తు తిట్టిన. అప్పుడే కడుపుల తిప్పుడు షురూ అయింది. నిమ్మకాయ ముందుగాల్నే తీసేసుకున్నరు చెకింగు కాడ. సంచిల చెయ్యి పెడితే ఇది దొరికింది." గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూపించింది. "షెడ్డు వాసన. సాంచాల నూనె వాసన. రోజు మీ బాపు అంగీ విడిచినప్పుడు వచ్చేదే. ఇంట్ల కూసున్నట్టే అనిపిచ్చింది. గట్లనే పట్టుకొని కూసున్న. కక్కు రాలే."

నేను గుడ్డను తీసుకుని చూశాను. నాకు కూడా వచ్చింది ఆ వాసన, చాలా సన్నగా. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఉన్న వాసన అది. నేను ఎన్నోసార్లు ఆ అంగీలను ముక్కు మూసుకుని బకెట్టులో వేశాను.

"అవ్వా," అన్నాను. మళ్లీ "అవ్వా" అన్నాను.

ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు. ఖర్జూరాల్లోంచి రెండు పొట్లాలు తీసి పక్కన పెట్టింది. అవి ఆదిలాబాద్‌లో మా అమ్మమ్మకు. మునిమనుమరాలి ఫొటోలు చూడాలని అమ్మమ్మ మూడు రోజులుగా ఫోను చేయిస్తున్నదట. అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. వంటింటి గుమ్మం దాకా పోయి, ఆగి, వెనక్కి తిరిగింది.

"నువ్వు నిజం చెప్తే నేను పోకపోదును, చెప్పకపోతేనే మంచిగైంది. ఇగ లే. రేపు ఆదిలాబాద్ పోదాం, బస్సుకు ఎన్ని గంటలు పడ్తదో చూసి చెప్పు. ఈసారన్నా రెండు గడియారాలు చూసి చెప్పు బిడ్డా."